పొగకు ఉడకని ముక్క

మా మెస్‌లో పొగబెట్టిన కుందేలు మాంసం తిన్నవాళ్ళలో మంచాన పడింది నేనొక్కడినే. ఆ మాంసం వల్లే పడ్డానని ఏ డాక్టరూ గట్టిగా చెప్పలేదు. కాదని కూడా చెప్పలేదు. ఇప్పుడు గోడ పట్టుకోకుండా వీధి గుమ్మం దాకా నడుస్తున్నాను. చొక్కా గుండీలు మాత్రం ఇంకా మా ఆవిడ గౌరే పెడుతోంది. నాలాంటి నరాల జబ్బుతో పడుకున్నవాళ్ళకి ఇది చదివితే కాస్త ధైర్యం రావచ్చు, పొయ్యి దగ్గర నిలబడేవాళ్ళకి కాస్త భయం రావచ్చు. రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది చెప్పడమే ఎక్కువ కష్టంగా ఉంది.

నా పేరు పైడిరాజు. గజపతినగరంలో మెయిన్ రోడ్డుకి ఒక వీధి లోపల నేనూ గౌరీ మెస్ నడుపుతాం. పెరట్లో రేకుల షెడ్డు, అందులో ఫారం కుందేళ్ళు. అడవి కుందేలుని పట్టడం నేరం, ఆ జోలికి మేం పోలేదు. ఇవి పెంపకపు తెల్లవి. కుందేలు మాంసంలో కొవ్వు తక్కువ. షుగరున్నవాళ్ళూ, మేకమాంసం తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్ళూ మా దగ్గరికి వచ్చేవారు. పళ్ళెంలో సామల అన్నం, మునగాకు పప్పు, ఆనపకాయ కూర, పల్చటి మజ్జిగ, పక్కన నాలుగు పొగమాంసం ముక్కలు. బోర్డు మీద ‘ఆరోగ్య భోజనం’ అని రాయించాను.

మాంసానికి ఉప్పు, పసుపు, మిరియాలు, అల్లంవెల్లుల్లి పట్టించి ఒక పూట ఉంచుతాను. తర్వాత పాత ఇనప డ్రమ్ములో తీగలకి వేలాడదీసి, కింద కొబ్బరి డొక్కలూ మామిడి చెక్కా రాజేసి, మంట రాకుండా పొగ పెడతాను. రెండు మూడు గంటలకి ముక్క బెల్లం రంగుకి తిరుగుతుంది. చూసినవాళ్ళెవరైనా ఉడికిపోయిందనే అనుకుంటారు. కానీ అది రంగూ వాసనా మాత్రమే. ఆ ముక్కల్ని మళ్ళీ ఉల్లిపాయలతో, కొంచెం చింతపండు రసంతో మెత్తబడేదాకా ఉడికించి వడ్డిస్తాం. వచ్చినవాళ్ళకి ఎప్పుడూ అలా ఉడికిందే పెట్టాం. ఆ మాట ప్రమాణం చేసి చెప్పగలను.

నేను మాత్రం డ్రమ్ము మూత తీయగానే ఒక ముక్క తుంపి నోట్లో వేసుకునేవాణ్ణి, ఉప్పు చూడ్డానికి.

మార్గశిరం మొదట్లో

కార్తీకమంతా మా మెస్ సగం ఖాళీ. పోలి పాడ్యమి దాటిన మర్నాడు నెలరోజుల ఆకలితో వచ్చినట్టు జనం వచ్చారు. ఆ రోజు డ్రమ్ములో మామూలు కంటే రెట్టింపు మాంసం వేలాడదీశాను. తొందరలో గంటన్నరకే మూత తీశాను. నేనో ముక్క తుంపుకుంటుంటే మా అమ్మాయి లాస్య వచ్చింది. ఏడేళ్ళది.

“నాన్నా, నాకూ ఓ ముక్క ఎట్టు.”

నా చేతిలోదే సగం ఇచ్చాను. లోపల ఎర్రగా ఉంది. చూశాను. చూసే ఇచ్చాను.

“ఎలగుంది?”

“ఉప్పెక్కువైపోనాది,” అని పరిగెత్తింది.

మూడో రోజు నాకు విరేచనాలు పట్టుకున్నాయి. పాపకి కడుపునొప్పి వచ్చి ఒక రోజు బడి మానేసింది. ఇద్దరికీ తగ్గిపోయింది. మర్చిపోయాం.

పది రోజుల తర్వాత నా కాలి వేళ్ళలో చీమలు పాకుతున్నట్టు మొదలైంది. డ్రమ్ము దగ్గర గొంతుక్కూచుని నిప్పు సర్దుతున్నవాణ్ణి లేవబోతే లేవలేకపోయాను. రెండు చేతులూ నేలకి ఆనించి లేచాను. వీధి చివర డాక్టరు నీరసం అని ఒక సెలైను పెట్టాడు. మర్నాడు పొద్దున్న కుందేలుకి మేత వేస్తూ షెడ్డులో కూలిపోయాను. చేతిలోంచి జారిన కుందేలు ఎక్కడికీ పారిపోకుండా నా మొహం పక్కనే కూచుని పచ్చగడ్డి నములుతోంది. దాని మూతి కదలడం చూస్తూ గౌరిని పిలిచాను. ఎంత గట్టిగా పిలిచాననుకున్నానో అంత గట్టిగా గొంతు రాలేదని తర్వాత తెలిసింది.

గౌరి వాళ్ళన్నయ్య సన్యాసిరావు కొత్తవలసలో ఉంటాడు. ఫోను చేస్తే గంటలో కారు మాట్లాడుకుని వచ్చాడు. నన్ను భుజాన వేసుకుని కారెక్కించాడు. “ఏటి బావా, ఇంత బరువున్నావు? జనానికేమో కొవ్వు తగ్గించుకోమని సెప్తావు,” అన్నాడు. నవ్వుదామనుకున్నాను. పెదవి ఒక వైపే కదిలింది.

విజయనగరంలో చూసి, ఆలస్యం చెయ్యొద్దని అంబులెన్సులో విశాఖ పంపారు.

అబద్ధం

విశాఖలో పెద్ద డాక్టరు నా మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టి చూశాడు. కాలు ఎగరలేదు. ఒంట్లో రోగాన్ని తరమాల్సిన శక్తే పొరపాటున మన నరాల మీద పడిందన్నాడు. కింద నుంచి పైకి పాకుతుంది, ఎక్కడ ఆగుతుందో చెప్పలేం, ఆగాక చాలామందికి మెల్లగా తగ్గుతుంది అన్నాడు. తర్వాత అడిగాడు:

“ఈ నెలలో విరేచనాలయ్యాయా? సరిగా ఉడకని మాంసం తిన్నావా? బయటి తిండి ఏమైనా?”

మంచం పక్కన గౌరి. కాళ్ళ దగ్గర బావ. ఆ క్షణంలో నాకు మా బోర్డు గుర్తొచ్చింది. మా పొగమాంసం తిని మెస్ ఓనరే పడిపోయాడంటే ఇక గుమ్మం ఎవరు తొక్కుతారు? పాప సంగతి గౌరికి తెలిస్తే? నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

“బయట పునుగులు తిన్నాను సార్. చట్నీ పులిసినట్టుంది.”

“ఎక్కడ? నారాయణమ్మ బండి కాడా?” అంది గౌరి.

తలూపాను. నారాయణమ్మ బస్సులు ఆగే చోట ఇరవై ఏళ్ళుగా పునుగులూ బజ్జీలూ వేస్తున్న మనిషి. ఆ నెలలో నేను ఆ బండి దగ్గరికి వెళ్ళనేలేదు.

డాక్టరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి నాకు ఊపిరి అందలేదు. గొంతులో గొట్టం వేశారు. మాట పోయింది.

పుష్యం

ఇరవై రెండు రోజులు మిషనే నాకు ఊపిరి పోసింది. చేతులు, కాళ్ళు, మొహం ఏవీ నావి కావు. కనుగుడ్లు మాత్రం పైకీ కిందికీ కదిలేవి. చెవులు శుభ్రంగా వినపడేవి. దోమ నుదుటి మీద వాలితే తెలిసేది, కుట్టి లేచిపోయేదాకా తెలిసేది. ఊరందరికీ కొలిచి వడ్డించినవాణ్ణి, ముక్కులో గొట్టం గుండా బూడిద రంగు నీళ్ళు పోయించుకున్నాను. వేడిగా ఉందో చల్లగా ఉందో కడుపులోకి వెళ్ళాకే తెలిసేది.

గౌరిని రోజుకి రెండుసార్లు, పది నిమిషాలు లోపలికి రానిచ్చేవారు. మిగతా పొద్దంతా ఆమె బయట హాల్లో చాప మీద. అక్కడ పార్వతీపురం వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఉండేదట. వాళ్ళాయన నా పక్క మంచం. గౌరి తల దువ్వుకోవడం మానేస్తే ఆవిడే కూచోబెట్టి చిక్కు తీసి జడ వేసేదట. “మనిషి లేచొచ్చేసరికి నువ్వు దెయ్యంలాగ ఉంటే ఎలగ?” అనేదట. ఆ పక్క మంచం ఒక రోజు ఖాళీ అయింది. ఆవిడ గౌరికి చెప్పకుండానే వెళ్ళిపోయింది. దువ్వెన మాత్రం చాప మీద వదిలేసి వెళ్ళింది.

గౌరికీ బావకీ గొడవలయ్యేవి. కుందేళ్ళని అమ్మేద్దామని బావ. ఆయన లేచాక ఏం చేస్తాడని గౌరి. “లెగుస్తాడని నీకెవలు సెప్పినారు?” అని ఒకసారి నోరు జారాడట.

నాకు లోపల ఒకటే ఆలోచన. పాపకి కూడా మొదలైందా? అది ఇంటి దగ్గర మా అమ్మతో ఉంది. కాళ్ళలో చీమలు పాకుతున్నాయని చెబితే మా అమ్మ ఆటలు మాని పడుకోమంటుంది. ఇది ఆ జబ్బేనని ఎవరికీ తట్టదు. ఎర్రటి ముక్క ఇచ్చినట్టు నాకు తప్ప ఎవరికీ తెలియదు. గౌరి పక్కనే నిలబడి చెయ్యి నిమురుతుంటే, దాని కాళ్ళు చూడమని చెప్పడానికి నా దగ్గర రెండు కనుగుడ్లే ఉన్నాయి. వాటిని పైకీ కిందికీ తిప్పేవాణ్ణి. “నొప్పా?” అని సిస్టర్‌ని పిలిచేది. సిస్టర్ నిద్ర మందు వేసేది.

టెక్కలి వైపు అమ్మాయి ఒక సిస్టర్ ఉండేది. ఆమెకే తోచింది. “మీకేదో సెప్పాలనుంది కదా? నాను అక్షరాలు సదువుతాను. కావలసింది రాగానే కళ్ళు పైకెత్తండి.” క నుంచి మొదలుపెట్టింది. ప దగ్గర ఎత్తాను. గుణింతంలో పా దగ్గర ఎత్తాను. మళ్ళీ ప.

“పాప!” అంది గౌరి. “పాపని సూడాలనుందా?”

కళ్ళు పైకెత్తాను. పిల్లల్ని లోపలికి రానివ్వరు. మర్నాడు సిస్టర్ నా మంచాన్ని కొంచెం తిప్పించింది. తలుపు మధ్యలో చిన్న అద్దాల కిటికీ ఉంది. అందులో ముందు రెండు పిలకలు కనిపించాయి. తర్వాత నుదురు. తర్వాత కళ్ళు. ఎవరూ ఎత్తుకోలేదు. కాలి మునివేళ్ళ మీద నిలబడి చూస్తోంది. మునివేళ్ళ మీద. నాకు మొదట పోయింది అవే. ఎంతసేపు నిలబడగలదో లోపల లెక్కపెట్టాను. ముప్ఫై దాటింది. దిగింది, మళ్ళీ లేచింది.

నా కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి. కూతురి మీద ప్రేమ అని అందరూ కళ్ళు తుడుచుకున్నారు. ప్రేమ కాదని అనను. కానీ నేను చూసింది దాని మొహం కాదు.

వారం తర్వాత గౌరి హుషారుగా ఒక కబురు చెప్పింది. “ఊర్లో మన మాంసం వల్లే నువ్వు పడిపోనావంతన్నారు. అన్నియ్యకి కోపమొచ్చీసినాది. ఆ నారాయణమ్మ బండి కాడికెల్లి నడిరోడ్డు మీద కడిగీసినాడు. పులిసిన చట్నీ ఎట్టి మా బావని సంపీబోనావని. జనం పోగైపోనారు. నాలుగు రోజులై బండి తీయడం నేదట.”

నేను కనుగుడ్లు పైకీ కిందికీ ఆపకుండా తిప్పాను. గౌరి సిస్టర్‌ని పిలిచింది. సిస్టర్ అక్షరాలు చదివింది. చ దగ్గర ఎత్తాను. ట దగ్గర ఎత్తాను.

“చ... ట... చెమటా? చెమట పడతందా?”

దుప్పటి తీసి ఫ్యాను పెంచింది. ఇద్దరూ నా మొహంలోకి ఆశగా చూశారు. ఇంక నాకు ఓపిక లేకపోయింది. కళ్ళు పైకెత్తాను. అవును, చెమటే.

మాఘం

మిషను తీశాక మొదట వచ్చిన శబ్దం గొంతు కాదు, గాలి. మాట తిరిగి రావడానికి మరో పది రోజులు. కాళ్ళూ చేతులూ ఆడించే కసరత్తులు చేయించడానికి వచ్చే ఆయన్ని కుర్చీ డాక్టరు అనేవాళ్ళం. నన్ను రోజూ కుర్చీలో కూచోబెట్టి, “పడనివ్వను, పట్టుకున్నాను,” అనేవాడు. రోజుకి ఆ మాట ఎన్నిసార్లు చెప్పేవాడో. విసుగు ఒక్కసారీ వినపడలేదు. మొదటి చెంచా చోడి (రాగి) జావ మింగడానికి నాకు పావుగంట పట్టింది.

ఇంటికి పంపే రోజు పెద్ద డాక్టరు ఒంటరిగా దొరికాడు. ఉడకని ముక్క సంగతి చెప్పాను. ఆయన తిట్టలేదు.

“కావచ్చు, కాకపోవచ్చు. ఇప్పుడు తేలదు. అప్పుడే చెప్పినా మందు అదే.”

“పాపకి?”

“ఇన్నాళ్ళకి రాలేదు కదా. ఆ ముక్క వల్ల ఇక రాదు.”

మందు అదే. ఆ మాట పట్టుకుని ఇంకో మూడు వారాలు నోరు మూసుకున్నాను. ఇంట్లో మంచం వీధి గదిలో వేశారు. ఎవరొచ్చినా గౌరి చెప్పేది: “బయట చట్నీ అండీ. మా మాంసం కాదు.” నేను పక్కనే ఉండేవాణ్ణి. ఇప్పుడు నోరుంది. అయినా వింటూ ఊరుకున్నాను.

ఒక రోజు మా అమ్మ బజారు నుంచి వచ్చి నారాయణమ్మ మొక్కజొన్న కళ్ళంలో కూలికి వెళ్తోందని చెప్పింది. గౌరి నాకు అన్నం తినిపిస్తోంది. రెండు ముద్దల మధ్య చెప్పేశాను. పునుగులు తినలేదని. డ్రమ్ములోంచి తీసిన ముక్క తిన్నానని. లోపల ఎర్రగా ఉందని.

గౌరి చెయ్యి ఆగింది. “ఒక్కడివే తిన్నావా?”

నేను కంచంలోకి చూశాను. ఆమెకి అదే చాలింది.

“పాపకెట్టినావా?”

“సగం.”

ఆమె లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. కంచంలో ఉన్న అన్నమంతా ముద్ద తర్వాత ముద్ద నా నోట్లో పెట్టింది. మూతి తుడిచింది. తర్వాత రెండు రోజులు ఒక్క మాట లేదు. వేళకి కూచోబెట్టేది, తినిపించేది, కడిగేది, పడుకోబెట్టేది. అంత కోపంగా ఉన్న మనిషి చేత్తో తినడం ఎలా ఉంటుందో చెప్పలేను. వద్దనడానికి చెయ్యి లేవదు, తప్పుకోవడానికి కాలు లేవదు. మూడో రోజు పొద్దున్న నాకు చొక్కా తొడుగుతూ అంది:

“ఆటో పిలిసినాను. నారాయణమ్మ కాడికెల్తన్నాం.”

ఫాల్గుణం

నారాయణమ్మ కళ్ళంలో పొత్తులు ఒలుస్తోంది. ఆటో గౌరి లోపలి దాకా తెప్పించింది. నన్నిద్దరు దింపి ఒక బస్తా మీద కూచోబెట్టారు. ఒలుస్తున్న ఆడవాళ్ళంతా చేతులాపి చూశారు. అందరి ముందే చెప్పాను. గొంతు ఇంకా గరగరలాడుతోంది, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

నారాయణమ్మ విన్నది. చేతిలో పొత్తు పూర్తిగా ఒలిచి గంపలో వేసింది.

“మా పిల్లలు సెప్పినారు, పెద్దమనుసుల్లో ఎట్టమని. ఆ బాబు సావు బతుకుల్లో ఉన్నాడు, ఇప్పుడేటి గొడవని నానే ఊరుకున్నాను. ఏ పిండి పులిసిపోనాదో, ఏ రోజు చట్నీయో అని నాలో నేనే ఎంత కుమిలిపోనానో తెలుసా నీకు? నా సేత్తోటే ఒక మనిసిని సంపీసినాననుకున్నాను.”

“నోరు పడిపోనాది నారాయణమ్మా. సెప్దామన్నా...”

“నోరు పడిపోకముందేగదా బాబూ ఆ మాటన్నావు.”

గౌరి తల వంచుకుని ఆమె పక్కన కూచుని పొత్తులు ఒలవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం దాకా ఒలిచింది. నేను ఎండలో బస్తా మీద, ఎవరో లేపేదాకా.

ఆ సాయంత్రం గౌరి బావకి ఫోను చేసి మొత్తం చెప్పింది. ఆదివారం కొత్తవలస నుంచి వచ్చాడు. నేరుగా నారాయణమ్మ ఇంటికి వెళ్ళి, మూలపడ్డ బండి చక్రాలకి గాలి కొట్టించి, పాత చోటికి తోసుకొచ్చి పెట్టాడు. తాను అరిచిన చోటే నిలబడి, వచ్చినవాళ్ళకి తప్పు మాదని చెప్పాడు. విన్నది ఆరేడుగురు. ఆ రోజు అరుపులు విన్నది బజారంతా.

చైత్రం, ఇప్పుడు

మా మెస్ మళ్ళీ తెరిచాం, మధ్యాహ్నం పూట మాత్రమే. గౌరి ఇప్పుడు మాంసాన్ని ముందు కుక్కర్‌లో ఎముక వదిలేదాకా ఉడికించి, ఆ తర్వాతే పొగ పెడుతోంది. ముక్క కొంచెం పొడిబారుతుంది, పొగ వాసన పైపైనే ఉంటుంది. నష్టం లేదు. ఉప్పు చూడాలంటే ఉడికించిన నీళ్ళు చాలు. డ్రమ్ము దగ్గరికి ఎవరినీ రానివ్వదు. ఎవరైనా అడిగితే జరిగింది జరిగినట్టు చెబుతున్నాం. విన్నవాళ్ళలో కొందరు పప్పుతో తిని వెళ్తున్నారు. కొందరు అసలు రావడం లేదు. నేనింకా ఆ మాంసం నోట పెట్టలేదు. గౌరి పెట్టలేదు, నేను అడగలేదు.

సాయంత్రాలు నారాయణమ్మ బండి దగ్గర స్టూలు మీద కూచుంటున్నాను. ఆమె రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆమె బండి తీయని రోజుల్లోనే రోడ్డుకి అవతల ఇంకో బండి వెలిసింది. అక్కడ జనం. ఇక్కడ పాతవాళ్ళు నలుగురైదుగురు.

నిన్న ఒకతను బైకు ఆపాడు. పునుగుల వైపు చూసి, “ఈ బండి చట్నీ తినేనా ఎవలికో కాళ్ళూ సేతులూ పడిపోనాయంట?” అన్నాడు.

“పడిపోనోడ్ని నానే బాబూ,” అన్నాను. “చట్నీ వల్ల కాదు. నానసలు తిననేదు. నానే అబద్ధం సెప్పినాను.”

అతను నా మొహం చూశాడు. వంకరగా ఒళ్ళో పడున్న నా వేళ్ళు చూశాడు. చట్నీ గిన్నె చూశాడు. బైకు స్టార్ట్ చేసి అవతలి బండి దగ్గరికి వెళ్ళాడు.

నాకు లేచి వెళ్ళిపోవాలనిపించింది. స్టూలు అంచు పట్టుకుని లేవబోయాను. నారాయణమ్మ మూకుడులోంచి కళ్ళు తిప్పలేదు. జల్లిగరిటతో పునుగులు తిప్పుతూ అంది:

“కూకో. ఇంకొకలొస్తారు. ఆలకీ సెప్పాల.”